పేర్లు తీసేసే పని

మొన్న కవిటి నుంచి మా బావ ఫోన్ చేశాడు. బావంటే మా పెదనాన్న కూతురు లక్ష్మిని చేసుకున్నవాడు. కొబ్బరికాయల వ్యాపారం చేస్తాడు, ఊరికే ఫోన్ చేసే మనిషి కాదు. "ఏటి బావా, నీ సైటు తెరిస్తే పేకాట వత్తన్నాది! ముసిలితనంలో ఇదేటి కొత్త యాపారం?" అని ఒకటే నవ్వు. నేనూ తెరిచి చూశాను. నిజమే. ఒకప్పుడు ఉద్దానం ఊళ్ళ పేర్లు వరసగా ఉన్న చోట ఇప్పుడు రంగురంగుల పేకముక్కలు తిరుగుతున్నాయి, ఎవరో అమ్మాయి రమ్మని చెయ్యి ఊపుతోంది. వెబ్‌సైటు పేరుని ఏటేటా మళ్ళీ మన పేరున రాయించుకోవాలి. మానేస్తే అది బజారున పడుతుంది, ఎవడికి కావాలంటే వాడు పట్టుకుపోతాడు. మేం మానేసి చాలా ఏళ్ళయింది కనక తప్పుపట్టడానికి ఎవరూ లేరు. అయినా ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు. ఆ సైటుతో తన ఇంటికి ఏం సంబంధం ఉందో మా బావకి ఈ రోజుకీ తెలియదు. తెలిస్తే అంత హాయిగా నవ్వేవాడు కాడు.

ఒకప్పుడు ఆ సైటుకి నేను వెబ్ అడ్మినిస్ట్రేటర్‌ని. టెక్కలిలో డిగ్రీ, విశాఖపట్నంలో ఆరు నెలల కంప్యూటర్ కోర్సు అయ్యాక ఇంటికొచ్చి ఖాళీగా తిరుగుతున్న రోజుల్లో సింహాచలం మాస్టారు పిలిచి ఆ పని ఇచ్చారు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. కిడ్నీ జబ్బుతో తోడల్లుణ్ణి పోగొట్టుకున్నాక ఇంట్లో కూర్చోలేక పలాసలో ఒక కమిటీ పెట్టారు. సముద్రం వైపు ఊళ్ళలో ఈ జబ్బు ఎంతమందికుందో లోకానికి తెలియాలి, తెలిస్తే రక్తం శుద్ధిచేసే డయాలసిస్ మిషన్లు మన దగ్గరికే వస్తాయి అని ఆయన నమ్మకం. లోకానికి తెలియజెయ్యడం నా డ్యూటీ. పెదనాన్నకి నా ఉద్యోగం పేరు భలే నచ్చింది. "అడ్మినిస్ట్రేటరంటే కలెక్టరుకి పైనోడేట్రా, కిందోడేట్రా?" అన్నాడు. "పక్కనోడు" అన్నాను. ఆ మాట ఊరంతా తిరిగి చెప్పుకున్నాడు.

మా నాన్న నాకు ఊహ తెలియకముందే పోయాడు. అమ్మా నేనూ పెదనాన్న ఇంట్లోనే, వజ్రపుకొత్తూరు దగ్గర ఒక పల్లెలో. రెండెకరాల జీడితోట, పెరట్లో కొబ్బరి చెట్లు, రెండు పనసలు. పొద్దున్నే ఆ ఇంట్లో మొదట వినపడేది బోరింగు చప్పుడు, తర్వాత పెదనాన్న దగ్గు. ఇత్తడి చెంబు నిండా నీళ్ళు పట్టి, నిలబడి, తల వెనక్కి వాల్చి, పెదవికి తగలకుండా గటగటా తాగేవాడు. అలా రెండు చెంబులు. అప్పుడుగాని తోటకి కదిలేవాడు కాదు. పెదమ్మ వేసే చోడి అంబలి పులుపు వాసన, చూరు కింద భావనపాడు నుంచి తెచ్చి వేలాడదీసిన ఎండుచేపల వాసన, ఎండాకాలమైతే తోటలో రాలి కుళ్ళే జీడిపళ్ళ తియ్యటి కంపు, ఇవన్నీ కలిసి మా ఇంటి వాసన. ఇప్పుడు నేనుండే పలాస ఇంట్లో ఏ వాసనా లేదు. శుభ్రంగా ఉందని మా ఆవిడ సంతోషిస్తుంది, నేను కాదనను.

తనకీ ఆ కిడ్నీ జబ్బేనని తెలిశాక పెదనాన్న చెంబుకి కాలం చెల్లింది. రోజంతటికీ ఇన్ని నీళ్ళే అని డాక్టర్లు కట్టడి చేశారు. పెదమ్మ ఒక స్టీలు గ్లాసుతో కొలిచి పోసేది. ఆయన ఆ నీళ్ళు నోట్లో పోసుకుని, చాలాసేపు ఉంచుకుని, సగం మింగి సగం ఊసేవాడు. జీవితమంతా చెంబులతో తాగిన మనిషి అలా పుక్కిలిస్తుంటే నేను చూడలేక అటు తిరిగిపోయేవాణ్ణి. వారానికి రెండుసార్లు విశాఖపట్నం వెళ్ళాలి. తెల్లారగట్లే ఆటోలో పలాస స్టేషను, అక్కణ్ణించి రైలు, ఆసుపత్రిలో మిషను మీద నాలుగు గంటలు. రాత్రికి అక్కడే తెలిసినవాళ్ళింట్లో పడుకుని మర్నాడు మధ్యాహ్నానికి పలాసలో దిగేవాడు. అప్పటికి నిలబడే ఓపిక ఉండదు. నా ఆఫీసుకొచ్చి, సాయంత్రం ఊరి ఆటో దొరికేదాకా అక్కడున్న చెక్క బల్ల మీద పడుకునేవాడు.

ఆఫీసంటే జీడిపప్పు గోదాము మీద ఒక గది. కింద పిక్కలు కాల్చిన పొగ మెట్లమీదుగా పైకొచ్చి కళ్ళు మండించేది. కీబోర్డు మీద జిడ్డు పేరుకునేది, రోజూ తుడవడం నా మొదటి పని. తర్వాత సైటు నడుస్తోందా లేదా చూడాలి. నడవకపోతే హైదరాబాదులో సర్వరు వాళ్ళకి ఫోన్ చేసి బతిమాలాలి. సగం రోజులు తప్పు వాళ్ళది కాదు, మా ఇంటర్నెట్ తీగ మీద ఎక్కడో కొబ్బరిమట్ట పడి ఉండేది. తెలుగు అక్షరాలు కొన్ని కంప్యూటర్లలో గళ్ళు గళ్ళుగా కనపడుతున్నాయని ఉత్తరాలొచ్చేవి, వాటికి జవాబులు రాయాలి. పిచ్చి ప్రకటనల మెయిళ్ళు ఏరి పారెయ్యాలి. మాస్టారు తీయించిన నీళ్ళ టాంకుల ఫొటోలు సైజు తగ్గించి పెట్టాలి. శనివారం శనివారం మొత్తం సైటుని సీడీ మీదకి ఎక్కించి బీరువాలో దాచాలి. కరెంటు పోతే ఇన్వర్టరు అరిచేది, అరుస్తూ అరుస్తూ అదీ పోయేది. అప్పుడు పెదనాన్న బల్ల మీంచే, "అయిపోనాదేట్రా నీ కలెక్టరీ?" అని అడిగేవాడు.

అన్నిటికన్నా ముఖ్యమైన పని జాబితా. ఊరి పేరు నొక్కితే ఆ ఊళ్ళో రోగుల పేర్లు వస్తాయి, పైన ఎంతమందో అంకె వస్తుంది. పేర్లే ఎందుకు, అంకె చాలదా అని నేను మొదట్లోనే అడిగాను. మాస్టారు ఒప్పుకోలేదు. "పేరు లేని అంకెని ఎవడూ నమ్మడురా కామేసూ. మనమే కల్పించామంటారు" అన్నారు. కమిటీ వాళ్ళు ఊరూరా తిరిగి, ఒప్పుకున్నవాళ్ళ పేర్లు రాసుకొచ్చారు. మా ఊరి పేర్లలో మొదటిది పెదనాన్నదే. తనే ముందుకొచ్చి వేలెత్తి, "రాసీ మాస్టారూ, గవరయ్య అని రాసీ, నాకేటి సిగ్గు" అన్నాడట. ఆయన చెప్పాక మిగతావాళ్ళు చెప్పారు. మా ఊరి అంకె రెండంకెలకి చేరింది. ఎవరైనా చనిపోతే ఆ పేరు తీసెయ్యాలి, జాబితా బతికున్నవాళ్ళది, అంకె ఏ రోజుకారోజు నిజంగా ఉండాలి. ఈ నియమం నేను పెట్టిందే. మాస్టారు మెచ్చుకున్నారు కూడా.

కొన్నాళ్ళకి బతికున్నవాళ్ళ పేర్లు తీసే పని మొదలైంది. మొదట వచ్చింది ఒక పెద్దావిడ. మెట్లెక్కిన ఆయాసానికి గోడ పట్టుకుని నిలబడింది. తర్వాత తలుపు దగ్గరికి వేసి, "బావూ, మా ఇంటాయన పేరు నీ కంపూటర్లో ఉన్నాదంట. తీసీ నాయనా. మా గుంటకి సంబంధం వత్తన్నాది. ఆళ్ళ కుర్రోడు సదువుకున్నోడు, సూసీగలడు" అంది. మా వైపు ఇది మామూలే. జబ్బు ఉన్న ఇంటి పిల్లని తెచ్చుకోరు, ఆ ఇంటికి పిల్లనూ ఇవ్వరు, నెత్తురులో ఉందేమోనని భయం. అందుకే ఊళ్ళో అందరికీ తెలిసిన జబ్బుని ఎవరూ పేరు పెట్టి పిలవరు, 'నీరసం' అంటారు. ఆవిడ నా గెడ్డం పట్టుకుంది. నేను తీసేశాను. రెండు నొక్కుళ్ళ పని. అంకె ఒకటి తగ్గింది. ఆవిడ సంతోషంగా వెళ్ళి పదిమందికి చెప్పినట్టుంది, ఆ తర్వాత మెట్ల మీద అడుగుల చప్పుడు వింటే ఎవరు ఎందుకొస్తున్నారో నాకు తెలిసిపోయేది. కొందరు పనసకాయ తెచ్చేవారు, కొందరు ఎండురొయ్యలు. కవిటి నుంచి ఒకాయన ఏకంగా కొబ్బరికాయల బస్తా మోయించుకొచ్చి, తన పేరు తనే తీయించుకుని, నా చేతులు పట్టుకుని వెళ్ళాడు.

లక్ష్మికి కవిటి సంబంధం వచ్చిందని ఇంట్లో అనుకుంటున్న రోజుల్లో పెదనాన్న ఒక మధ్యాహ్నం రైలు దిగి వచ్చి, బల్ల మీద పడుకోకుండా నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. చాలాసేపు తెరకేసి చూశాడు.

"ఒరే కామేసూ. నా పేరు ఏదిరా?"

చూపించాను.

"తీసీరా" అన్నాడు.

"నువ్వే కదా ముందు రాయించావు పెదనాన్నా. నిన్ను చూసే అందరూ రాయించారు."

"రాయించినానురా, కాదన్నానా? అప్పుడు లచ్చిమి చిన్న గుంట. ఇప్పుడు దాని బతుకు నా పేరు కాడ ఆగిపోతే నాను ఓర్సుకోనేను. తీసీ. మీ మాస్టారికి సెప్పకు, బాధపడతాడు."

నేను తీసేశాను. పెదనాన్న పేరే పోయాక మా ఊళ్ళో ఇంకెవరూ ఆగలేదు. వారం పది రోజుల్లో మా ఊరి అంకె ఒకటికి దిగింది. ఆ ఒక్కడూ పెళ్ళీ పిల్లలూ లేని ఒక ముసలి చేపలవేటగాడు.

ఇక్కడ నా తప్పు చెప్పాలి. పేరు కనపడకుండా చేసి, లెక్కలో మాత్రం ఉంచడం పెద్ద విద్య కాదు. ఒక గడి చేర్చి, 'చూపించవద్దు' అని రాసుకుంటే చాలు, అరపూట పని. నాకు తెలుసు. ఆ అరపూట పని చెయ్యాలంటే మాస్టారికి ఎందుకో చెప్పాలి, చెబితే ఎవరెవరు తీయించారో అడుగుతారు, అందులో మా పెదనాన్న ఉన్నాడు. రేపు చూద్దాం, పెళ్ళయ్యాక చూద్దాం అని వాయిదా వేశాను. ఈలోగా మాస్టారు అంకెలు తగ్గడం గమనించారు. ఆయనకి అనుమానం రాలేదు, ఆనందం వచ్చింది. "చూశావట్రా, నీళ్ళు కాచి తాగమని మనం చేసిన ప్రచారం పనిచేస్తోంది!" అని నాకు పకోడీలు తెప్పించి పెట్టారు. నేను తిన్నాను. ఆ పకోడీల రుచి నాకింకా జ్ఞాపకం ఉందంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మిషన్లు ఇచ్చే ధర్మసంస్థ వాళ్ళు ఒక మధ్యాహ్నం వచ్చారు. ఒక డాక్టరమ్మ, ఇద్దరు మగవాళ్ళు. ఎక్కడ అవసరం ఎక్కువుందో అక్కడ కేంద్రం పెడతామని, మన తీరమా, వేరే జిల్లానా అన్నది ఈ వారంలో తేల్చుకుంటామని చెప్పారు. మాస్టారు నాకు కళ్ళతోనే చెప్పారు, తెరవమని. నేను ఒక్కొక్క ఊరూ తెరిచి చూపించాను. ఒకటి. మూడు. ఒకటి. సున్నా. వాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. పెదనాన్న అప్పుడే రైలు దిగొచ్చి బల్ల మీద పడుకుని ఉన్నాడు.

"ఈ లెక్క సరైనదేనా?" అని డాక్టరమ్మ అడిగింది. మాస్టారు నావైపు చూశారు. "మావాడు ఏ రోజుకారోజు సరిచేస్తాడమ్మా" అన్నారు.

"సరైనదేనండి" అన్నాను.

మాస్టారు ఆ ఇద్దరు మగవాళ్ళకి నీళ్ళ టాంకుల ఫొటోలు చూపించడంలో మునిగి ఉండగా ఆవిడ బల్ల వైపు తిరిగింది. "ఆయనెవరు? ఒంట్లో బాగాలేదా?"

డయాలసిస్ చేయించుకునేవాళ్ళకి చేతి మీద నరం తాడులా ఉబ్బి ఉంటుంది, డాక్టరయినవాళ్ళు ఒక్క చూపులో పోల్చుకుంటారు. నేను నోరు తెరిచే లోపలే పెదనాన్న ఆ చేతిని తువ్వాలు కిందకి లాక్కున్నాడు. "ఏటీ నేదమ్మా, నీరసం. ఎండకి తిరిగినాను" అన్నాడు. ఆవిడ ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణంలో నేను లేచి ఆ తువ్వాలు తీసేసి ఉంటే? ఇన్నేళ్ళలో ఆ గదిలోకి ఎన్నిసార్లు వెళ్ళి ఎన్నిసార్లు ఆ తువ్వాలు తీశానో నాకే తెలియదు. నిజానికి నేను మౌస్ పట్టుకుని కూర్చున్నాను. మిషన్లు వేరే జిల్లాకి వెళ్ళాయి. వాళ్ళని తప్పుపట్టడానికి లేదు, కాగితం మీద ఉన్నదే చూశారు, ఆ కాగితం ప్రింటు తీసి ఇచ్చింది నేనే.

లక్ష్మి పెళ్ళి బాగా జరిగింది. పెళ్ళికొడుకు తండ్రిని నేను పందిట్లో చూసి గుర్తుపట్టాను. కొబ్బరికాయల బస్తాతో వచ్చిన కవిటి ఆయన. ఆయనా నన్ను గుర్తుపట్టాడు. ఇద్దరం నమస్కారాలు చేసుకుని కొత్తవాళ్ళలా పక్కకి తప్పుకున్నాం. భోజనాల దగ్గర వియ్యంకులిద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టారు. ఇద్దరి ముందూ మజ్జిగ గ్లాసులు పెట్టారు. ఇద్దరూ తాగలేదు. ఎవరూ చూడడం లేదనుకుని పెదనాన్న తన గ్లాసుని విస్తరి వెనక్కి జరిపాడు, ఆయనా జరిపాడు. అప్పుడు ఒకరి గ్లాసు ఒకరు చూసుకున్నారు. తర్వాత భోజనం అయ్యేదాకా ఇద్దరూ తలెత్తలేదు. ఎవరి దగ్గర దాచడానికి ఇంత జరిగిందో నాకు అప్పుడు అర్థమైంది. రెండిళ్ళ సంగతీ తెలిసినవాణ్ణి ఆ పందిట్లో నేనొక్కణ్ణే, నాతో ఎవరికీ పనిలేదు.

ఆ తర్వాత పెదనాన్న రైలు మానడం మొదలుపెట్టాడు. మొదట వారానికి ఒకసారే వెళ్ళాడు. "అంత దూరం ఎల్లి రాడానికే పానం పోతన్నాదిరా, ఇంక బతకడానికి ఏటి మిగుల్తాది" అనేవాడు. వానలకి పట్టాలు మునిగి రైళ్ళు ఆగిన వారం అసలు వెళ్ళలేదు. ఆ తర్వాత నేను ఆటో తెచ్చినా ఎక్కలేదు. ఒళ్ళంతా నీరు పట్టింది. చివరి రోజుల్లో పెదమ్మని చెంబుతో నీళ్ళడిగాడు. ఆవిడ నావైపు చూసింది. నేను తలూపాను. పడుకునే తాగాడు, సగం పక్క మీద ఒలికింది. పలాసలోనే మిషనుంటే ఆటోలో వెళ్ళి మధ్యాహ్నానికి ఇంటికొచ్చేసేవాడు. ఇంకో ఐదేళ్ళు, పదేళ్ళు, ఏమో. మనవరాలినైనా చూసేవాడు.

ఇప్పుడు పలాసలోనే ఆసుపత్రి ఉంది, మిషన్లున్నాయి, ఊళ్ళకి పైపుల్లో నీళ్ళొస్తున్నాయి. మంచిదే. ఆ రోజుల్లో ఇవేవీ లేవు, ఒకరినొకరు పట్టించుకోవడమైనా ఉండేదని రాయాలని ఉంది గాని, రాస్తే అబద్ధం అవుతుంది. పట్టించుకోవడమంటే దాచిపెట్టడమే అనుకున్న మనుషులం. ఇప్పుడూ అంతే. మొన్నామధ్య టాబు పట్టుకుని మా వీధికొచ్చిన ఆరోగ్య కార్యకర్తని పక్కింటాయన లోపలికి రానివ్వలేదు. ఆయన కూతురికి పెళ్ళీడు. ఆ కార్యకర్త టాబులో ఏదో నొక్కుకుని వెళ్ళిపోయింది. ఏం నొక్కిందో నాకు తెలుసు, ఆ ఉద్యోగం నేను చేశాను. కంప్యూటర్లు మారాయి, తీగలు పోయాయి, అంకెలు మాత్రం అలాగే తయారవుతున్నాయి. మాస్టారు బతికున్నన్నాళ్ళూ తన ప్రచారం వల్లే జబ్బు తగ్గిందని చెప్పుకున్నారు. నేను కాదని చెప్పలేదు. ఆయన పోయాక చెప్పడానికి ఎవరూ లేరు.

పెదనాన్న పోయిన కొన్ని నెలలకి, సైటు ఇంకా నడుస్తుండగా, పెదమ్మ ఒక్కతే ఆటోలో పలాస వచ్చింది. ఆవిడ నా ఆఫీసుకి రావడం అదే మొదలు. గోదాము పొగకి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని మెట్లెక్కింది. బల్ల మీద కూర్చుంది.

"కామేసూ, లచ్చిమి పెళ్ళయిపోనాది. దానికి కాన్పూ అయిపోనాది. ఇంక దాసుకోడానికి ఏటీ నేదురా. మీ పెదనాన్న పేరు మళ్ళీ రాసీ."

జాబితా బతికున్నవాళ్ళదని చెప్పబోయాను. కీబోర్డు ముందుకు లాక్కున్నాను. ఆవిడ ముందే పేరు కొట్టాను, ఊరు కొట్టాను. మా ఊరి అంకె రెండయింది. ఆవిడ లేచొచ్చి, "ఏదీ?" అంది. వేలు పెట్టి చూపించాను. చదువు రాని మనిషి, ఆ వరసని వేలితో మెల్లగా నిమిరింది.

"పేరు పక్కన ఇంకేటో ఉన్నాది కదా. ఏటి రాసినావు?"

ఆ గడిలో అందరికీ ఒకటే మాట ఉంటుంది, అది కంప్యూటరే వేసుకుంటుంది. చదివాను. "చికిత్సలో ఉన్నారు."

"ఉన్నారనే ఉన్నాదా?"

"ఉంది పెదమ్మా."

"బాగున్నాది. అలాగే ఉంచీ" అని, కొంగుతో ఆ తెర తుడిచి, ఆటో వెళ్ళిపోతుందని దిగి వెళ్ళింది.

సాయంత్రం తాళం వేసే ముందు ఆ పేరు తీసేశాను. అది నా డ్యూటీ. పెదమ్మకి ఇప్పుడు ఎనభై దాటాయి, చాలా సంగతులు మరిచిపోయింది, ఇది మాత్రం మరవలేదు. ఊరెళ్ళినప్పుడల్లా చెయ్యి పట్టుకుని, "ఉంచినావు కదరా?" అని అడుగుతుంది. ఉంచానంటాను. నిన్న కూడా అడిగింది.